చింతపిక్కల మూట

బుజ్జమ్మా,

మీ మావయ్య చేతికిచ్చి పంపిన మూట విప్పి, మామిడిపళ్ళో పూతరేకులో ఉంటాయనుకుంటే ఈ నల్లటి చింతపిక్కలేమిటి, అమ్మమ్మకి గాని మతి పోయిందా అని మూతి ముడుచుకునే ఉంటావు. రసాలు ఇంకా ముగ్గలేదులే, అవీ వస్తాయి. ఈ ఏడు చింతపండు కొట్టించినప్పుడు పిక్కలు పారబోయనివ్వకుండా, కడిగి అరుగు మీద ఎండబెట్టి, పుచ్చినవన్నీ ఏరేసి నీకోసమే గుడ్డలో కట్టాను. కాలికి సిమెంటు కట్టు వేశారనీ, ఈ సెలవులన్నీ మంచం మీదేననీ మీ అమ్మ ఫోనులో చెప్పిన దగ్గర్నించీ, నిమిషం ఒకచోట నిలవని పిల్లవి, అంత పొద్దూ ఎలా గడుపుతావో అని ఇక్కడ నాకే పొద్దు గడవడం లేదు. కట్టు లోపల దురద పెడుతోందని స్కేలూ పుల్లలూ దూర్చకు తల్లీ. లోపల గీసుకుపోయి పుండు పడ్డా పైకి కనిపించదు. దురద పుట్టినప్పుడల్లా చేతులకి ఏదో ఒక పని చెప్పు, ఆ పనికే ఈ పిక్కలు.

ముందు వామనగుంటలు. నా చెక్క పీట మీ పిన్ని దగ్గరుంది గాని నీకు దాంతో పనిలేదు. గుడ్లు తెచ్చే 30 గుంటల అట్ట ఉంటుందే, అందులోంచి ఆరు గుంటల పొడుగున జంట వరస ఒకటి కత్తిరించు. మిగిలిన ముక్కలోంచి మరో రెండు గుంటలు తీసి వరసకొకటి చొప్పున చివర అంటిస్తే, అటు ఏడూ ఇటు ఏడూ మొత్తం 14 గుంటలు. ఒక్కోదాంట్లో ఐదేసి పిక్కలు పోయి. నీ వైపు గుంట ఒకటి ఖాళీ చేసి, పక్క గుంటల్లో ఒక్కొక్కటే వేసుకుంటూ పోవాలి. చేతిలోవి అయిపోగానే ఆ తరవాతి గుంటలోవి తీసుకుని మళ్ళీ మొదలుపెట్టాలి. ఆ గుంట ఖాళీగా ఉంటే, దాన్ని దాటి అవతలి గుంటలో ఎన్నుంటే అన్నీ నీవే, అక్కడితో నీ వంతు అయిపోతుంది. అదీ ఖాళీ అయితే నీ మొహం. ఇంటింటికీ లెక్కలు కాస్త మారతాయి, మీ నానమ్మ వేరేలా చెబితే ఆవిడ లెక్కే ఖాయం చేసుకో.

అవునే, నీ జోడీ మీ నానమ్మే. చూపు మందగించిన దగ్గర్నించీ వదినగారు పేపరు పక్కన పెట్టేశారనీ, టీవీ ముందు కూడా ఊరికే కూర్చుంటున్నారనీ విన్నాను. ఈ ఆటకి కళ్ళు అక్కర్లేదు. మా అత్తగారికి చివరికి బొత్తిగా చూపు లేదు. అయినా ముసురు పట్టిన మధ్యాహ్నాలు, పశువులకి మేత వేసి, కాళ్ళు కడుక్కుని నేను వచ్చేసరికి, ఆవిడ పీట ముందేసుకుని సిద్ధంగా ఉండేది. గుంటలో వేలు పెట్టి తడిమి, ఇక్కడ మూడు, అక్కడ ఆరు అని చెప్పేసేది, నేనొకటి ఒళ్ళో దాచినా పట్టేసేది. కోడలిగా ఆ ఇంట్లో నాకు మాట్లాడే చనువు వచ్చింది ఆ పీట దగ్గరే. అందుకని చెబుతున్నా, మీ నానమ్మతో ఆడేటప్పుడు పెద్దావిడ కదా అని కావాలని ఓడిపోకు. పసిగట్టేస్తారు, పసిగడితే నొచ్చుకుంటారు. గట్టిగానే ఆడు, ఎలాగూ ఓడిపోతావు.

ఆట కాగానే పిక్కలు లెక్కపెట్టి డబ్బాలో పోయి, 70 ఉండాలి. ఒక్కటి తక్కువైనా ముందు తమ్ముడి ముక్కు చూడు. మీ మావయ్య వాడి వయసులో ఉండగా శనగగింజ దూర్చుకుంటే బండి కట్టించుకుని డాక్టరు దగ్గరికి పరిగెత్తాం.

నలుగురు దొరికిన రోజున అష్టాచెమ్మా వేసుకోండి. గవ్వలు లేకపోతే నాలుగు పిక్కల్ని ఒక వైపు తడి గచ్చు మీద అరగదీస్తే తెల్లటి పప్పు బయటపడుతుంది. నాలుగూ తెల్లగా పడితే చెమ్మా, నాలుగూ నల్లగా పడితే అష్టా. పలక మీద ఐదు గళ్ళు నిలువు, ఐదు గళ్ళు అడ్డం గీస్తే చాలు. నువ్వు, నానమ్మ, తమ్ముడు, నాలుగో మనిషి ఎవరంటావా, మీ ఇంట్లో పనికొచ్చే ఆవిడతో సెలవుల్లో ఒక పిల్ల వస్తోందనీ, గుమ్మం దగ్గరే కూర్చుంటోందనీ నువ్వే చెప్పావు కదా. దాన్ని లోపలికి పిలిచి మంచం మీద నీ పక్కనే కూర్చోబెట్టుకో. ఇది నీకు నేను చెప్పాలా! ఐదేళ్ళ పిల్లవప్పుడు మా అరుగు మీద ఆడుతూ, తమ్ముడి కాయని చంపి, వాడి కింది పెదవి వణకడం చూసి, ఎవరూ చెప్పకుండానే ఆ కాయని మళ్ళీ గడిలో పెట్టేశావు. అది చూసిన మీ తాతయ్య ఆ రాత్రి భోజనాల దగ్గర ఆ సంగతే ఎన్నిసార్లు చెప్పారో.

మిగిలిన పిక్కలతో జిగురు చేయించు. వేయించి పొట్టు తీసి, రాత్రంతా నానబెట్టి, మెత్తగా రుబ్బి నీళ్ళలో ఉడికిస్తే చిక్కగా వస్తుంది. పొయ్యి దగ్గర పని అమ్మది, నువ్వు కుంటుకుంటూ వంటింట్లోకి వెళ్ళకు. మేం కొండపల్లి వెళ్ళినప్పుడు చూశాను, తెల్లపొణికి కర్రతో చేతులూ కాళ్ళూ విడివిడిగా చెక్కి, చింతపిక్కల పొడిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. మీ హైదరాబాదు నుంచి ఒక పూటలో వెళ్ళొచ్చే చేర్యాలలో నకాశీవాళ్ళు కొబ్బరిచిప్ప మీద అలాంటి ముద్దే మెత్తి, ముక్కూ బుగ్గలూ తీర్చి, ఆరాక రంగులేసి మొహాలు చేస్తారు. వాళ్ళ పటాల గుడ్డకి పూసే పూతలోనూ ఈ జిగురే పడుతుంది. నువ్వు రంపపు పొట్టుకి బదులు పాత పేపర్లు చింపి నానబెట్టి, గుజ్జు చేసి కలుపుకో. ముద్ద చపాతీ పిండిలా చేతికి అంటకుండా రావాలి. పచ్చడికి కొబ్బరి తీసేశాక చిప్ప పారేయొద్దని అమ్మకి చెప్పు. మొదటి బొమ్మకి ముక్కు వంకరే వస్తుంది, రానీ. తొందరపడి ఎండలో పెట్టకు, బీటలు వారుతుంది, రెండు మూడు రోజులు నీడనే ఆరనివ్వు. రంగు డబ్బా లేకపోతే పసుపులో సున్నం కలుపు, ఎర్రగా మారుతుంది. పెళ్ళిళ్ళలో కాళ్ళకి పెట్టే పారాణి అదే. ఆ సున్నం కంట్లో పడకుండా చూసుకో.

వచ్చే వారం ఎక్స్‌రే తీస్తారట కదా, ఆ సంగతి అమ్మని వెంటనే ఫోను చేసి చెప్పమను. ఆటల సంగతులు మాత్రం నువ్వే ఉత్తరం రాయాలి, ఎవరు గెలిచారో, ఎవరు అలిగారో, మీ నానమ్మ తొండి చేశారో లేదో అన్నీ. చేస్తారు, నాకు తెలుసు. మీ అమ్మ పెళ్ళిలో విడిదింట్లో పేకాట దగ్గర ఆవిడ చెయ్యి చూశాను, ఇప్పుడు కళ్ళు సరిగా కనబడవన్న సాకు కూడా తోడైంది. ఈ మాట ఆవిడకి చదివి వినిపించకు.

ఆశీస్సులతో,
మీ అమ్మమ్మ