భూకంపమునందు నీటిట్యాంకు

నిండుకుండ తొణకదని మన పెద్దల మాట. నేల నిలుకడగా నున్నంతవఱకే యది చెల్లును. నేలయే కదలినపుడు కుండలోని నీరేమగునో విద్యార్థులు విచారింపదగియున్నది. ఏలయనగా భూకంపమైన వెంటనే జనులకు ముఖ్యముగా కావలసినవి త్రాగునీరును, మంటల నార్పు నీరును. పట్టణములయందు ఆ నీరు నిలువయుండునది ట్యాంకులలోనే.

ఒక వెడల్పైన గాజుపాత్రలో సగమువఱకు నీరు పోసి, నున్నని బల్లపై నుంచి, తటాలున జరిపి చూడుడు. అడుగునీరు పాత్రను విడువక దానితోనే జరుగును. పైనీరు వెనుకబడి, ఒక ప్రక్క గోడ నెక్కి, మఱల రెండవ ప్రక్కకు పోవును. పాత్ర నిలిచిన పిమ్మటను ఈ యూపు కొంతసేపు సాగును.

అమెరికాదేశపు శాస్త్రజ్ఞుడగు జార్జి హౌస్నరు 1957, 1963 సంవత్సరములలో ప్రకటించిన వ్యాసములయందు ఈ విషయమును సులభమైన లెక్కకు తెచ్చెను. ట్యాంకులోని నీటిని రెండు బరువులుగా నెంచవలెను. ఒకటి గోడకు బిగించినట్లు గోడతో కూడ నదరును. రెండవది స్ప్రింగులకు కట్టినట్లు తన కాలము ననుసరించి యూగును.

ఉదాహరణమునకు, 10 మీటరుల వ్యాసమును 5 మీటరుల లోతును గల గుండ్రని ట్యాంకులో సుమారు 390 టన్నుల నీరు పట్టును. అందు సగమునకు కొంచెము మించిన భాగము గోడతో కదలును. మిగిలినది పైన నూగును. ఆ నీరొకసారి పోయి వచ్చుటకు 3.4 సెకండులు పట్టును. 80 మీటరుల వ్యాసమును 20 మీటరుల లోతును గల నూనెట్యాంకులో నిట్టి యూపునకు దాదాపు 11 సెకండులు కావలయును.

కావున అపాయములును రెండు విధములు. భూకంపకేంద్రమునకు సమీపమున నేల వడివడిగా నదరును. అపుడు మొదటి బరువు గోడను మోదును. 1964 మార్చి 27న అలాస్కాలో కొన్ని యుక్కుట్యాంకుల గోడలు అడుగున చుట్టును ఉబ్బినవి. ఇంజనీర్లు దీనిని ఏనుగుపాదమందురు. 2001 జనవరి 26న గుజరాతు భూకంపమున, గుండ్రని కాంక్రీటు గోడలపై నెత్తుగా నిలిపిన నీటిట్యాంకులు పెక్కింటికి ఆ గోడల మొదటనే చుట్టును బీటలు వారినవి, కొన్ని కూలినవి.

దూరము పోయినకొలది వడిగల యదురులు సన్నగిల్లి, నెమ్మదియైన తరంగములు మిగులును. ఉయ్యాలను దాని యూపునకు సరిగా త్రోసిన నది మిక్కిలి యెత్తునకు లేచును గదా! తరంగకాలమును ద్రవపు టూపుకాలమును కలిసినచో నట్లే జరుగును. 2003 సెప్టెంబరు 26న జపానుదేశమున, కేంద్రమునకు సుమారు 200 కిలోమీటరుల దూరముననున్న తొమకొమయిలో, నూనెపై తేలుచుండు కప్పులు ఈ యూపువలన చెడినవి. ఒక ట్యాంకు ఆ దినముననే యంటుకొనెను. రెండు దినముల పిదప మఱియొకటి యంటుకొని దాదాపు రెండు దినములు మండెను.

ఒక్క నివారణము చాలదు. మొదటి బరువునకు గోడయు పునాదియు గట్టిగా నుండవలెను. రెండవదానికి నీటిపైన తగినంత వెలితి విడువవలెను. గొట్టములు ట్యాంకుతో కలియుచోట విఱుగక వంగవలెను. భారతదేశమున 2014లో ట్యాంకులకై ప్రత్యేకముగా వెలువడిన భూకంపనియమావళియు ఈ రెండు బరువుల లెక్కనే విధించినది.

బిందెను అంచువఱకు నింపక కొంత వెలితి విడుచు తల్లులు ఈ పాఠములో సగము మనకు ముందే నేర్పియున్నారు. తక్కిన సగము గణితము నేర్చినవారి బాధ్యత.