ఖర్చు లెక్క – మనస్సు లెక్క

ఖమ్మం, భద్రాచలం అటవీ ప్రాంతమున వేసవి రాగానే తునికాకు సేకరణ మొదలగును. 50 ఆకులకు ఒక కట్ట. కల్లమునందు ప్రతి కట్టకును లెక్క కలదు. ఖమ్మం మార్కెట్టులో మిరప బస్తాకును తూకము కలదు. కాని ఆ సొమ్ము చేతికందిన పిమ్మట, దాని వ్యయమునకు లెక్క వ్రాయని గృహములు పెక్కు.

12వ శతాబ్దమున కల్యాణనగరమందు బసవేశ్వరుడు బిజ్జలుని భాండాగారమునకు అధికారి. ఆయనపై అపవాదు రాగా, లెక్క చూచినపుడు ధనము సరిపోయినదని పాల్కురికి సోమనాథుని బసవపురాణము చెప్పుచున్నది. నేల రాలిన బియ్యమును ఏరి తెచ్చుట ఆయ్దక్కి మారయ్య కాయకము. ఒకనాడతడు అధికముగా తేగా, ధర్మపత్ని లక్కమ్మ అది ఆశయని మందలించి, మిగులును తిరిగి పోసి రమ్మనెను. ఆమె బియ్యముతోపాటు భర్త మనస్సును సైతము పరీక్షించినది.

ప్రతి గృహమునను ఒక చిట్టా పుస్తకము ఉండవలెను. తేదీ, వస్తువు, వెల అను మూడు వరుసల ప్రక్కన నాల్గవది మనఃస్థితి: ఉల్లాసమా, దుఃఖమా, అలసటయా, పొరుగువారితో పోటీయా? నోటు తీసి ఇచ్చునపుడు కలుగు జంకు ఫోను చెల్లింపులో కలుగదు. కావున దానిని ఆ రాత్రియే వ్రాయవలెను. సంతలో కంటికింపైన వస్తువును మరుసటి సంత వరకు కొనక ఆగవలెను. సోమవారము ఇష్టలింగ పూజానంతరము దంపతులు కూర్చుండి నాల్గవ వరుసను చదువవలెను. ఇది నిందించుటకు గాదు, తెలిసికొనుటకే. దుఃఖదినములందే కొనుగోలు హెచ్చినచో, కొరత ఇంటిలో గాక మనస్సునందున్నదని గ్రహింపనగును.

కాయకమున ఆర్జించిన ధనము ఆవేశమున పోనిచో దాసోహమునకు మిగులును.