అయోడిన్ ఉప్పు మానేయాలా?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. హైపోథైరాయిడ్‌కు మాత్ర వేసుకుంటున్నాను. అయోడిన్ ఉప్పు మానేసి సైంధవ లవణం వాడమంటున్నారు పక్కింటి పిన్నిగారు. మా ఆడపడుచేమో అమెరికా నుంచి సముద్రపు నాచు క్యాప్సూల్స్ పంపింది. రెండో బిడ్డ కోసం చూస్తున్నాం. ఏం చేయను?
– ఒక పాఠకురాలు, మారేడుపల్లి, సికింద్రాబాద్

జవాబు: రెండూ వద్దమ్మా. మీకు దగ్గర్లోనే, తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ సిఫార్సు ప్రకారం పెద్దవాళ్లకు రోజుకు 140 మైక్రోగ్రాముల అయోడిన్ కావాలి. గర్భిణికి 220, పాలిచ్చే తల్లికి 280. దాటకూడని హద్దు 1,100.

మన ఇంటికి చేరే ఉప్పులో కిలోకు కనీసం 15 మిల్లీగ్రాముల అయోడిన్ ఉండాలి. రోజుకు 5 గ్రాముల ఉప్పు తింటే 75 మైక్రోగ్రాములైనా అందుతాయి. పాలు, గుడ్లు, చేపలు ఇంకొంత ఇస్తాయి. వంట ఉప్పుతో ఆ హద్దు దాటడం దాదాపు జరగని పని. అయోడిన్ కలపని సైంధవంలో అది నామమాత్రమే.

అయోడిన్ సరిపడా అందేచోట హైపోథైరాయిడ్‌కు ఎక్కువగా కారణం మన రోగనిరోధక వ్యవస్థే థైరాయిడ్ గ్రంథి మీద దాడి చేయడం. ఉప్పు మారిస్తే అది ఆగదు. నాచు క్యాప్సూల్స్ సంగతి మరీ ప్రమాదం. ఒక్కోదాంట్లో అయోడిన్ ఒక్కోలా, కొన్నిట్లో హద్దును మించి ఉంటుంది. దెబ్బతిన్న గ్రంథి ఆ మోతాదుకు మరింత మందగించవచ్చు.

తొలి నెలల్లో బిడ్డ మెదడు ఎదుగుదలకు తల్లి థైరాయిడ్ హార్మోనే ఆధారం. అందుకే ఇప్పుడే టీఎస్‌హెచ్ పరీక్ష చేయించుకోండి. నెల తప్పిందని తెలిసిన వెంటనే డాక్టర్‌ను కలవండి, మాత్ర మోతాదు సాధారణంగా పెంచాల్సి వస్తుంది. మాత్ర మాత్రం ఒక్కరోజూ సొంతంగా ఆపకండి.