ఊరి రోడ్డుకు నీరే శత్రువు: వానలకు ముందే జాగ్రత్త పడాలి

రోడ్డు బాగుంటే లారీ కళ్ళం దగ్గరకే వస్తుంది. బాగులేకపోతే బస్తాలను ట్రాక్టరు మీద మెయిన్‌రోడ్డుకు తోలి, మళ్ళీ లారీకి ఎత్తించాలి. ఆ కిరాయి, ఆ కూలి రెండూ రైతు నెత్తినే పడతాయి. కోటబొమ్మాళి మండలం మీదుగా జాతీయ రహదారి పోతున్నా, పొలం నుంచి ఆ రహదారి ఎక్కేదాకా ఉన్న రెండు మూడు కిలోమీటర్లే చిన్న రైతు లాభనష్టాలను తేలుస్తాయి. ఉద్దానం ఊళ్ళలో అయితే ఇది ప్రాణాల సంగతి. కిడ్నీ రోగులు వారానికి రెండు మూడు సార్లు డయాలసిస్‌కు వెళ్ళిరావాలి. గోతుల రోడ్డు మీద ఆ ప్రయాణం ఎంత నరకమో ఆ ఇళ్ళవారికే తెలుసు.

రోడ్డు ఎందుకు పాడవుతుంది?

పైన కనిపించే తారు గొడుగు లాంటిది. బరువు మోసేది కింద ఉన్న కంకర, గ్రావెల్, మట్టి. పగుళ్ళలోంచి పైనుంచీ, పక్క మడుల్లోంచి కిందనుంచీ నీరు దిగితే ఆ మట్టి నాని మెత్తబడుతుంది. చక్రం నొక్కగానే కుంగుతుంది. పైన తారు పగిలి గుంత పడుతుంది. జిగట నేలల్లో రోడ్డు కుంగిపోతే, ఉద్దానం ఇసుక నేలల్లో అంచుల కింది ఇసుక కొట్టుకుపోయి తారు విరిగిపడుతుంది. వంశధార ఎడమ కాలువ కింద రోడ్డుకు రెండు పక్కలా మడులు నెలల తరబడి నీటితో ఉంటాయి కాబట్టి ఇబ్బంది మరీ ఎక్కువ.

ఇక బరువు. 1958-60లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో రోడ్లు వేసి, వాటి మీద లారీలు తిప్పి పరీక్షించారు. ఇరుసు మీద బరువు రెట్టింపయితే రోడ్డుకు జరిగే నష్టం సుమారు 16 రెట్లు అవుతుందని తేలింది. టెక్కలి ప్రాంతంలో గ్రానైటు మోసే లారీ మోతాదు మించిన బరువుతో ఊరి రోడ్డెక్కితే ఏమవుతుందో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

మన చేతిలో ఉన్న పనులు

1. దమ్ము చక్రాలతో ట్రాక్టరును తారురోడ్డు మీద నడపరాదు. ఆ ఇనుప రెక్కలు తారును చీల్చేస్తాయి. ఉభాల సమయంలో చక్రాలను ట్రక్కులో వేసుకెళ్ళి మడి గట్టు దగ్గరే బిగించుకోవాలి.

2. మడికీ రోడ్డుకూ నడుమ కాలువ వదలాలి. రోడ్డు అంచునే గట్టుగా వాడుకుంటే మడిలోని నీరంతా రోడ్డు కిందికి చేరుతుంది. రోడ్డు పక్క బెర్మును చెక్కి మడిలో కలుపుకుంటే రెండు సాళ్ళ నారు ఎక్కువ పడుతుందేమో గాని, రెండేళ్ళలో రోడ్డు అంచు కూలుతుంది.

3. పైపు కోసం రోడ్డును అడ్డంగా కోయరాదు. తప్పనిసరైతే పంచాయతీ అనుమతితో కోసి, పొరలు పొరలుగా పూడ్చి గట్టిగా దిమ్మిస వేయాలి.

4. మే నెలాఖరుకు కల్వర్టు తూముల్లో, పక్క కాలువల్లో పేరుకున్న మట్టి, తుప్పలు తీసేయాలి. తూము మూసుకుంటే గెడ్డ నీరు రోడ్డు మీదుగా పొర్లి గండి కొడుతుంది.

5. గ్రావెల్ రోడ్డుకు నడుమ భాగం ఎత్తుగా ఉండాలి. పది అడుగుల వెడల్పు రోడ్డుకు అంచుకంటే నడుమ సుమారు రెండున్నర అంగుళాలు ఎత్తుంటే నీరు నిలవదు.

గుంత పూడ్చే పద్ధతి

గ్రావెల్ రోడ్డు మీద గుంత పడితే ముందు నీరు, బురద తోడేయాలి. అంచులను నిటారుగా, నలుచదరంగా కొట్టాలి. మంచి గ్రావెల్‌ను నాలుగు అంగుళాల చొప్పున పొరలుగా పోసి, తడిపి, ప్రతి పొరకూ దిమ్మిస వేయాలి. చివర రోడ్డు మట్టంకంటే అర అంగుళం ఎత్తు ఉంచితే తర్వాత అణిగిపోతుంది. పొలం మట్టి, గడ్డి వేసి పూడిస్తే మొదటి వానకే మళ్ళీ గుంతే.

ఏ రోడ్డు ఎవరిది?

అర్జీ తప్పు ఆఫీసులో ఇస్తే ఏడాది గడిచిపోతుంది. ఊరి వీధులు, ఊళ్ళోని ప్రజారోడ్లు, వాటి మీది కల్వర్టుల మరమ్మతు బాధ్యతను 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం గ్రామ పంచాయతీకి అప్పగించింది. ఊరినీ ఊరినీ కలిపే చాలా రోడ్లను పంచాయతీరాజ్ ఇంజినీరింగ్ శాఖ, పెద్ద రోడ్లను రోడ్లు భవనాల శాఖ చూస్తాయి. కాలువ గట్టు జలవనరుల శాఖది.

2000 డిసెంబరు 25న మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన కింద వేసిన రోడ్డయితే పక్కనున్న బోర్డు చదవండి. పని పూర్తయిన నాటినుంచి ఐదేళ్ళు గుంతలు పూడ్చడం, కాలువలు తీయడం, బెర్ములు సరిచేయడం ఆ కాంట్రాక్టరు బాధ్యతే. ఈ గడువు ఎప్పుడు ముగుస్తుందో తెలుసుకుని, అంతకు ముందే లోపాలను రాసి ఇంజినీరుకు ఇవ్వాలి. గడువు దాటాక అడిగితే కొత్తగా నిధులు మంజూరు కావాల్సిందే.

పంచాయతీకి డబ్బేదీ అంటారు. 2021 నుంచి 2026 మార్చి వరకు 15వ ఆర్థిక సంఘం గ్రామీణ సంస్థలకిచ్చిన గ్రాంటులో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే కేటాయించారు. రోడ్ల వంటి మిగతా అవసరాలకు 40 శాతమే. కొంచెం డబ్బుకు ముందు ఎవరు అడిగితే వారిదే. అందుకే గ్రామసభకు రైతులు తప్పక వెళ్ళాలి.

గ్రామసభలో ఎలా అడగాలి?

"రోడ్డు బాగులేదు" అంటే ఎవరూ రాసుకోరు. ఏ చోట నుంచి ఏ చోటికి, ఎన్ని మీటర్లు, ఎన్ని గుంతలు, ఏ తూము మూసుకుంది, ఎన్ని ఎకరాల పంట ఆ దారిన వస్తుంది అన్నది కాగితం మీద రాసివ్వాలి. సచివాలయంలోని ఇంజినీరింగ్ అసిస్టెంటును పిలిచి కొలతలు తీయించాలి. తీర్మానం పుస్తకంలో ఎక్కిందో లేదో చూసుకుని, నంబరు, తేదీ రాసి ఉంచుకోవాలి. ఏటా తయారయ్యే పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో ఆ పని చేరేలా చూడాలి.

ఊళ్ళో సిమెంటు రోడ్డు వేస్తుంటే పక్క కాలువ కూడా అంచనాలో ఉందా అని అడగండి. కాలువ లేని సిమెంటు రోడ్డు వీధి నీటినంతా తెచ్చి పొలం దారి మీద పోస్తుంది.

పని జరిగిందంటున్నారు గాని కనబడటం లేదా? 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అంచనా, కొలతల పుస్తకం నకళ్ళు అడగవచ్చు. మన రాష్ట్రంలో గ్రామస్థాయి ఆఫీసులో దరఖాస్తుకు రుసుము లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. జవాబుకు గడువు 30 రోజులు.

తుఫాను వెళ్ళాక

2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ కొబ్బరి, జీడి తోటలను కూల్చడమే గాక, చెట్లు అడ్డంపడి ఊళ్ళకు దారి లేకుండా చేసింది. అక్టోబరు, నవంబరు మన జిల్లాకు గండం నెలలు. కాబట్టి ప్రతి ఊళ్ళో రెండు రంపాలు, గొడ్డళ్ళు, తాళ్ళు, పలుగులు, పారలు ఒకచోట సిద్ధంగా ఉంచుకోవాలి. చెట్టు నరికేటప్పుడు కరెంటు తీగలు తగిలి ఉన్నాయేమో ముందు చూడాలి. లైను ఆపించాకే చెట్టు మీద చెయ్యి వేయాలి. వరద తగ్గగానే కల్వర్టుల అంచులు కోసుకుపోయాయేమో చూసి, కోసుకుపోయినచోట బరువు బండ్లను ఆపాలి. దెబ్బతిన్నచోట ఫొటోలు తీసి, కొలతలు రాసి వెంటనే మండల ఆఫీసులో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోవాలి. నష్టం లెక్క వేసేటప్పుడు ఆ కాగితమే మీ ఊరి తరపున మాట్లాడుతుంది.