స్కాన్ నార్మల్ అంటే జబ్బు లేదని కాదు
పిల్లల్లో బైపోలార్ రుగ్మత: మెదడు చిత్రాలు ఏం చెబుతున్నాయి?

"డాక్టరు గారూ, ఒకసారి తల స్కాన్ తీయించండి. సంగతేమిటో తేలిపోతుంది." గాజువాక నుంచి, ఉక్కునగరం నుంచి, ఓడరేవు పక్క వీధుల నుంచి పిల్లలను తీసుకొచ్చే తల్లిదండ్రులు మమ్మల్ని తరచుగా అడిగే మాట ఇది. అడగడంలో తప్పు లేదు. ఎముక విరిగితే ఎక్స్‌రేలో కనిపిస్తుంది కదా! ఈసారి ఈ ప్రశ్నకే జవాబు చెప్పుకుందాం.

ఏమిటీ జబ్బు?

కొన్నాళ్లు మనసు పట్టపగ్గాల్లేని ఉద్రేకంలో ఉంటుంది. రెండు మూడు గంటలే పడుకున్నా అలసట ఉండదు. మాట ఆగదు, గొప్పలు, దుబారా ఖర్చు, చిన్నదానికే మండిపడటం. దీన్ని మానియా అంటారు. మరికొన్నాళ్లు చదువు, ఆట, అన్నం ఏదీ పట్టని దిగులు. ఎక్కువగా ఇది యుక్తవయసులో బయటపడుతుంది, చిన్నపిల్లల్లో అరుదు. పొద్దున అలిగి సాయంత్రం నవ్వడం ఈ జబ్బు కాదు. మార్పు రోజుల తరబడి నిలవాలి, ఇంట్లో వాళ్లకు స్పష్టంగా తెలియాలి.

పరిశోధనల్లో ఏం తేలింది?

ఎం.ఆర్.ఐ. అయస్కాంత శక్తితో పనిచేస్తుంది, ఎక్స్ కిరణాలు ఉండవు. అందుకే పిల్లల మెదడును కూడా దీనితో పరిశీలించగలుగుతున్నారు. మెదడు లోపల బాదంగింజ ఆకారంలో అమిగ్డాలా అనే భాగం ఉంది. భయం, కోపం వంటి భావాలను పసిగట్టడంలో దానిది పెద్ద పాత్ర. బైపోలార్ ఉన్న కౌమారుల్లో ఈ భాగం సగటున చిన్నదిగా ఉన్నట్టు 2003లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం వారు చూపారు. 2006లో ఆ దేశపు జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ పరిశోధకులు ఏ భావమూ లేని ముఖాల ఫోటోలు చూపగా, జబ్బున్న పిల్లలకు అవి కోపంగా కనిపించాయి. అమిగ్డాలా కూడా ఎక్కువ చురుకైంది. "ఊరికే చూస్తే కూడా తిడుతున్నావంటాడు" అని తల్లులు చెప్పే మాటకు ఇందులో కొంత అర్థం దొరుకుతుంది. అది పొగరు కాదు, పెంపకంలో లోపం కాదు.

మరి స్కాన్ ఎందుకు వద్దంటారు?

ఇవన్నీ సగటు లెక్కలు. పదో తరగతి పిల్లలు ఎనిమిదో తరగతి వారికంటే సగటున పొడుగు. అలాగని ఒక పిల్లవాడి ఎత్తు కొలిచి ఏ తరగతో చెప్పగలమా? మెదడు కొలతలూ అంతే. మూర్ఛ, తలకు దెబ్బ, జ్వరంతో మతి తప్పడం, కాలుచేతులు పట్టు తప్పడం వంటివి ఉంటే వేరే జబ్బు లేదని చూడటానికి స్కాన్ రాస్తాం. బైపోలార్‌ను నిర్ధారించేది మాత్రం పిల్లవాడితో, ఇంటివారితో చేసే మాటలే.

అప్పు చేసి స్కాన్ తీయించి, రిపోర్టులో "నార్మల్" అని చూసి మందులు ఆపేసిన కుటుంబాలను మేము చూశాం. కొన్ని వారాలకే పిల్లవాడు మళ్లీ నిద్ర మాని, అర్ధరాత్రి ఇల్లు వదిలి వెళ్లిపోయేవాడు. ఆ మాటకు అర్థం మేము ముందే విడమరచి చెప్పవలసింది.

లిథియం వాడేవారికి

1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ ఈ మందు మేలును వెల్లడించారు. మన ఊరి ఉక్కపోతలో చెమట, వాంతులు, విరేచనాలు ఎక్కువైతే రక్తంలో దీని మోతాదు పెరగవచ్చు. నీళ్లు బాగా తాగించండి, ఉప్పు ఒక్కసారిగా తగ్గించకండి. నొప్పి మాత్రలు సొంతంగా కొనకండి. రక్తపరీక్షలు మానకండి. చేతులు బాగా వణికినా, నడక తూలినా, మాట ముద్దగా వచ్చినా వెంటనే ఆస్పత్రికి రండి.

"చచ్చిపోతాను" అనే మాటను బెదిరింపుగా తీసుకోకండి, పిల్లవాణ్ణి ఒంటరిగా వదలకండి. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. 2022లో మొదలైన టెలి మానస్ సేవకు 14416 నంబరులో రాత్రీ పగలూ ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

వచ్చేటప్పుడు ఒక నోటు పుస్తకం తీసుకురండి. ఏ రోజు ఎన్ని గంటలు పడుకున్నాడు, ఎలా ఉన్నాడు, రోజుకొక వరుస రాయండి చాలు. స్కాన్ ఫిల్ము కంటే ఆ పుస్తకమే మాకు ఎక్కువ చెబుతుంది.