కాగితం ఎందుకు ఇరుక్కుంటుంది?

లేజరు ప్రింటరును తిట్టనివారు మనలో ఉండరు. నేనూ తిట్టినవాణ్ణే. ప్రాజెక్టు రిపోర్టు ఇవ్వవలసిన ఆఖరి రోజు. సాయంత్రం నాలుగింటికి గడువు. రెండింటికి మా డిపార్టుమెంటు ప్రింటరులో నా పదిహేడో పేజీ ఇరుక్కుపోయింది. కంగారులో కొస పట్టుకుని ఒక్క గుంజు గుంజాను. సగం చేతికొచ్చింది, సగం లోపలే ఉండిపోయింది.

"ఏంటి బాబూ ఆ పీకుడు! కలుపు మొక్కనుకున్నావా?" అన్నారు ల్యాబు అసిస్టెంటుగారు. ఆ పూట ఆయన నేర్పినదీ, తర్వాత నేను చదివి తెలుసుకున్నదీ మీ ముందుంచుతున్నాను.

ముందుగా కాగితం నడిచే దారి తెలియాలి. 1971లో జిరాక్సు సంస్థ పరిశోధనశాలలో గ్యారీ స్టార్క్‌వెదర్ లేజరు ప్రింటరును రూపొందించిన నాటి నుంచి మూలసూత్రం ఒక్కటే. ట్రేలోని పై కాగితాన్ని రబ్బరు రోలరు లాగుతుంది. దాని వెంట రెండోది రాకుండా సెపరేషన్ ప్యాడు అడ్డుకుంటుంది. తర్వాత డ్రమ్ము మీది టోనరు పొడి కాగితానికి అంటుకుంటుంది. చివరగా ఫ్యూజరు సుమారు 200 డిగ్రీల సెంటిగ్రేడు వేడితో, ఒత్తిడితో ఆ పొడిని కరిగించి అతికిస్తుంది. దారి పొడుగునా సెన్సర్లు కాపలా కాస్తుంటాయి. వేళకు కాగితం రాకపోయినా, వచ్చింది కదలకపోయినా యంత్రం ఆగిపోతుంది. కనుక ఎక్కడ ఆగిందో చూస్తే జబ్బు సగం తెలిసినట్టే.

1. కాగితం అసలు లేవకపోతే: రోలరుకు కాగితపు దుమ్ము పట్టి జారుతున్నదన్నమాట. కరెంటు తీసి, నూగు రాలని గుడ్డను కాస్త తడిపి తుడవాలి. రబ్బరు అరిగి నున్నబడితే మార్చడమే మార్గం.

2. రెండు మూడు కలిసి వస్తే: కట్టను బయటికి తీసి, అటూ ఇటూ వంచి, అంచులు బల్ల మీద తట్టి సరిచేసి పెట్టాలి. ట్రేలో గీత దాటి నింపకూడదు. అయినా మానకపోతే ప్యాడు అరిగిందని అర్థం.

3. వంకరగా వస్తే: ట్రేలోని గైడ్లు చూడండి. అవి కట్టను తాకీ తాకనట్టుండాలి. వదులైతే కాగితం పక్కకు జరుగుతుంది, బిగిస్తే వంగుతుంది.

4. ఫ్యూజరు దగ్గర ముడతపడినా, చుట్టుకున్నా: ఇది మన సముద్రతీరపు ఊళ్ళ జబ్బు. కాగితం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అలాంటిది వేడి రోలర్ల మధ్యకు పోతే తేమ ఒక్కసారిగా ఆవిరై కాగితం వంకర తిరుగుతుంది. అందుకే విప్పిన రీమును మళ్ళీ దాని కవరులోనే చుట్టి, నేల మీద కాకుండా బీరువాలో పెట్టాలి.

ఇక ఇరుక్కున్నదాన్ని తీసే పద్ధతి. స్విచ్చి కట్టేసి, ఫ్యూజరు చల్లారేదాకా ఆగాలి. కార్ట్రిడ్జిని తీసి గుడ్డ కప్పాలి, వెలుతురు డ్రమ్మును పాడుచేస్తుంది. కాగితాన్ని రెండు చేతులా పట్టుకుని, వీలైనంతవరకు అది నడిచే దిక్కుకే మెల్లగా లాగాలి. టోనరు చేతికంటితే చన్నీళ్ళతోనే కడగాలి, వేడినీళ్ళకు అది అతుక్కుంటుంది.

నా సంగతికొస్తే, ముక్కలన్నీ తీశామనుకున్నా యంత్రం "కాగితం ఇరుక్కుంది" అంటూనే ఉంది. అసిస్టెంటుగారు ముక్కలను బల్ల మీద జతచేయించారు. ఒక మూల గోరంత తక్కువైంది! టార్చి వేసి వెతికితే ఆ ముక్క సెన్సరు మీటను నొక్కిపెట్టి కూర్చుంది. అది తీశాక, ట్రేలోని మెత్తబడ్డ కాగితాలు మార్చి కొత్త రీము విప్పారు. నాలుగింటికి పది నిమిషాలుందనగా నా రిపోర్టు ఇచ్చేశాను.

కానీ నా వెనక వరుసలో నిలబడ్డ ఇద్దరికి గడువు దాటిపోయింది. మర్నాడు బతిమాలుకుని ఇచ్చుకోవలసి వచ్చింది వాళ్ళు. పాపం, నన్నొక్క మాట అనలేదు. ఆ రోజు తప్పు యంత్రానిది కాదు, నా తొందరది.

కనుక మిత్రులారా, ప్రింటరు ఆగితే ముందు చెయ్యి పెట్టకండి, కన్ను పెట్టండి. మీ వెనక కూడా ఎవరో నిలబడి ఉంటారు.