ఎక్కించుట వేరు, సమర్పించుట వేరు

నగరపాలక సంస్థల ఆన్‌లైన్ దరఖాస్తులలో తరచుగా కనబడు క్రియ ‘అప్‌లోడ్ చేయు’. దీనిని తెలుగున ‘ఎక్కించు’ అనవచ్చును. ఇది ‘ఎక్కు’ ధాతువునకు ప్రేరణార్థక రూపము. ‘డౌన్‌లోడ్ చేయు’ అనగా ‘దించు’. మన ఫోను క్రిందను, కార్యాలయపు సర్వరు పైనను ఉన్నట్లు భావించి పెట్టిన పేర్లివి.

బండికెక్కించిన బస్తా మన ఇంట మిగులదు. ఎక్కించిన పత్రము అట్లు కాదు. దాని నకలు మాత్రమే వెళ్లును. మూలము ఫోనులోనే ఉండును.

వాడుక: “చిరునామా రుజువును ఎక్కించి, దరఖాస్తును సమర్పించితిని.” ఇందు క్రియలు రెండు, పనులును రెండు. పత్రము ఎక్కినంతమాత్రమున దరఖాస్తు చేరినట్లు కాదు. ‘సబ్మిట్’ నొక్కిన పిమ్మట వచ్చు రసీదు సంఖ్యయే అందుకు సాక్ష్యము.

ఈ భేదమెరుగనిచో నష్టము కలుగును. 1969 నాటి జనన మరణముల నమోదు చట్టము క్రింద, ఇంట జరిగిన జననమును గృహపెద్ద 21 దినములలోగా తెలుపవలెను. పత్రములెక్కించి ఊరకున్నచో గడువు దాటును. ఆపై ఆలస్య రుసుము. ఏడాది దాటినచో మేజిస్ట్రేటు ఉత్తరువు కూడ కావలసివచ్చును.

కావున రసీదు సంఖ్యను వ్రాసికొనిన తరువాతనే ‘దరఖాస్తు చేసితిని’ అనుడు.